రాయ్‌పూర్‌లో రాసుకోవడానికి ఏముంది?

ఊరు దాటినవాళ్లు రాసే మొదటి నాలుగు వ్యాసాలు ఏమిటో ఎవరైనా ముందే చెప్పేయగలరు. ఆవకాయ జాడీ ప్రయాణం, సంక్రాంతికి ముగ్గేసే వాకిలి లేకపోవడం, పిల్లల వచ్చీరాని తెలుగు, రాత్రిపూట అమ్మ ఫోను. మనసుపెట్టి రాస్తే నాలుగూ బాగుంటాయి. అయిదోది రాయడానికి కూర్చున్నప్పుడే చేయి ఆగిపోతుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు వీసా, తెల్లవాళ్ల ఆఫీసు కొన్నాళ్లు ఆదుకుంటాయి. రాయ్‌పూర్‌లో ఉన్నవాళ్లకు ఆ ఆసరా కూడా లేదు. ఇక్కడి ఎండ మన ఎండలాంటిదే, ఇక్కడివాళ్లు తినేదీ అన్నమే. ఇడ్లీ కావాలంటే వీధి చివరిదాకా వెళ్తే చాలు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విజయనగరం వైపు చేరిపోతాం. ‘అదేమైనా ఫారినా, రాయడానికి?’ అని సొంత చుట్టాలే అడిగేస్తారు.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. మనమూ ఇక్కడివాళ్లమూ సగం ఒకటి, సగం వేరు. ఆ సగం తేడాలో ఉన్న సరుకు పూర్తి పరాయి దేశంలోనూ దొరకదు. కాకపోతే ‘నేనేం పోగొట్టుకున్నాను’ అనే దగ్గరే ఆగిపోతే అది కంటపడదు. మనకంటే ముందు ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, మనతోపాటు ఇంకేం వచ్చాయి, ఇక్కడినుంచి మన ఊళ్లకు ఎవరు వెళ్తున్నారు అని అడగడం మొదలుపెడితే రాసుకోవడానికి కాగితం చాలదు.

పట్టాల వెంట

రాయ్‌పూర్ తెలుగు ఇళ్లలో చాలావాటి కథ రైలు పట్టాల మీదే మొదలవుతుంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా వేసిన లైనును బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొండలు దాటించి రాయ్‌పూర్‌తో కలిపింది 1931లో. మధ్య పరగణాల సరుకు సముద్రానికి చేరడానికి దగ్గర దారి కావలసి వచ్చింది. అప్పుడే విశాఖపట్నంలో రేవు కడుతున్నారు. ఆ రేవు 1933లో తెరుచుకుంది. సరుకు కిందికి దిగడానికి వేసిన దారిలో మనుషులు పైకి వచ్చారు. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, కాంటాబాంజీ, మహాసముంద్ దాటుకుంటూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు ఇటు చేరాయి.

1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక వాల్తేరు, బిలాస్‌పూర్ ఒకే జోన్‌లో ఉండేవి. 2003లో ఆ జోన్‌ను విడదీశారు. బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే, భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే వచ్చాయి. వాల్తేరు అటుపోయింది, రాయ్‌పూర్ ఇటు ఉండిపోయింది. పత్రికల్లో అది పాలనాపరమైన వార్త. రైల్వే క్వార్టర్లలో ఉన్న ఇంటికి మాత్రం అది బతుకు ప్రశ్న. ఒకే జోన్‌లో బదిలీ దొరికినంత తేలిగ్గా జోన్ దాటి దొరకదు. రిటైరయ్యేలోగా ఊరికి దగ్గరగా వెళ్లిపోదామనుకున్నవాళ్లు ఆ ఏడాది ఏం లెక్క వేసుకున్నారు? ఇక్కడే స్థలం కొన్నారా, పిల్లల చదువు హిందీలోనే కొనసాగించారా, పార్వతీపురం దగ్గరి పొలం కౌలుకిచ్చారా, అమ్మేశారా? ఇవి ఏ దస్తావేజులోనూ దొరకవు. ఒక్కో పెద్దాయన దగ్గర కూర్చుని అడగాల్సినవి. అడిగేవాళ్లు లేకుండానే ఆ తరం వెళ్లిపోతోందన్నది నా బాధ.

రాయ్‌పూర్‌కు పడమటగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో భిలాయి ఉంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారం దేశం నలుమూలల నుంచి మనుషుల్ని లాక్కుంది, తెలుగువాళ్లు గణనీయంగానే వెళ్లారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది. దాన్ని నడిపేది ఆంధ్ర సాహిత్య సమితి. పేరేమో సాహిత్యానిది, పనేమో దేవుడిది. సాహిత్యం పేరు పెట్టుకున్న సంఘాన్ని గుడి దాకా నడిపించిన అవసరాలేమిటో సభ్యుల జ్ఞాపకాల నుంచి రాబడితే, ఒక తరం తెలుగువాళ్లు పరాయి చోట దేన్ని దక్కించుకోవాలనుకున్నారో తెలుస్తుంది.

అదే భిలాయి కర్మాగారంలో తీజన్ బాయి కూడా ఉద్యోగం చేసింది. పక్కనే ఉన్న గనియారీ గ్రామంలో పుట్టి, తంబూరా భుజానికెత్తుకుని, మహాభారతాన్ని పండవానీగా ప్రపంచమంతా వినిపించిన మనిషి. 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. బుర్రకథ విని పెరిగిన తెలుగువాడికి ఆ తంబూరా, ఆ అడుగు, పాత్రలోకి దూకి బయటికొచ్చే ఆ పద్ధతి ఎక్కడో తెలిసినట్టే ఉంటాయి. ఒకే కర్మాగారం హాజరుపట్టీలో మన శ్రీకాకుళం తాతల పేర్లూ, ఆమె పేరూ ఉన్న కాలం అది. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాళ్లు ఆమె కథ విన్నారా, వింటే భీముడు గద తిప్పినప్పుడు ఏ భాషలో అరిచారు? ఇది రాయాల్సిన వ్యాసం.

దారిలో పుట్టిన పిల్లాడు

రాయ్‌పూర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే మహానది వైపు చంపారణ్ వస్తుంది. పక్కనే రాజిమ్. గుజరాత్ నుంచి బస్సుల్లో వైష్ణవులు దిగుతుంటారు. బోర్డుల మీద గుజరాతీ, మాటల్లో గుజరాతీ. కానీ అక్కడ పుట్టినవాడు తెలుగు తల్లిదండ్రుల బిడ్డ.

సంప్రదాయం చెప్పే కథ ఇది. వెలనాటి వైదిక బ్రాహ్మణుడు లక్ష్మణ భట్టు, ఆయన భార్య ఇల్లమ్మ కాశీలో ఉంటున్నారు. దాడి జరగబోతోందన్న భయంతో నగరం విడిచి దక్షిణానికి బయల్దేరారు. ఇల్లమ్మ నిండు చూలాలు. ఈ అడవిలోకి వచ్చేసరికి నెలలు నిండకుండానే ప్రసవమైంది. బిడ్డలో చలనం కనపడక జమ్మిచెట్టు కింద వదిలి కదిలారు. తర్వాత వెనక్కి వచ్చి చూస్తే చుట్టూ మంటల వలయం, మధ్యలో ఆడుకుంటున్న పిల్లాడు. 1479 నాటి మాటగా చెబుతారు. ఆ పిల్లాడే వల్లభాచార్యుడు, పుష్టిమార్గం స్థాపించినవాడు, సూరదాసుకు గురువు. మన ఇళ్లలో పొద్దున్నే వినిపించే మధురాష్టకం ఆయన రచనేనని సంప్రదాయం. చంపారణ్‌లో ఆ గుర్తుగానే చెట్టు కొట్టరని, హోలీకి మంట వేయరని స్థానికులు చెబుతారు.

మంటల వలయాన్ని నమ్మేవాళ్లు నమ్ముతారు. నాకు మాత్రం ఇల్లమ్మ దగ్గరే మనసు ఆగిపోతుంది. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి పారిపోతూ, భాష తెలియని అడవిలో నొప్పులు పడ్డ తెలుగు స్త్రీ. ఆమెకు ఎవరు నీళ్లిచ్చారు? మంత్రసాని ఉందా? చుట్టుపక్కల గూడెంవాళ్లు వచ్చారా? సంప్రదాయ కథల్లో ఈ వివరాలు రావు. పరాయి ఊళ్లో కాన్పు అయిన ప్రతి తెలుగు ఆడపిల్లకూ ఈ ప్రశ్నలు అడిగే హక్కుంది. ఇప్పటికీ రాయ్‌పూర్ ఆసుపత్రుల్లో కాన్పులయ్యే తెలుగు ఇళ్లలో పథ్యం ఎవరు వండారు, పురిటి స్నానం ఎవరు పోశారు, కారప్పొడి ఎవరు దంచారు అన్న సంగతులు పోగుచేస్తే, చంపారణ్ కథకు సాటిరాగల రచన అవుతుంది.

ఇంకా వెనక్కి వెళ్లాలనుకుంటే దక్షిణాన ఇంద్రావతి వైపు బార్సూర్ ఉంది. శక సంవత్సరం 983, అంటే 1060 ప్రాంతపు తెలుగు శాసనం అక్కడ దొరికింది. చంద్రాదిత్యుడనే తెలుగు చోడ సామంతుడు గుడీ చెరువూ కట్టించిన సంగతి అందులో ఉంది. ఊరు మారి వచ్చిన తెలుగువాడు గుడితోపాటు చెరువూ తవ్వించాడు! 1323లో ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యం పెట్టాడన్నది వంశ గాథ. 2022 జులైలో వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహానికి ఆ వంశంవాడైన కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను పిలిచి గౌరవించారు. దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత ఊరికి వచ్చిన ప్రవాసి ఆయన. ఆ సప్తాహం గురించి రాసినవాళ్లంతా వరంగల్ నుంచే రాశారు. బస్తరు వైపు నుంచి చూసి రాసినవాళ్లు నాకు తగల్లేదు.

మార్టేరు నుంచి వచ్చిన విత్తనం

మనుషుల కంటే పెద్ద సంఖ్యలో ఇక్కడికి వలస వచ్చిన తెలుగు ప్రాణి ఒకటుంది. ఛత్తీస్‌గఢ్ ధాన్యం మండీల్లోకి వెళ్లి ఏం రకమని అడగండి. ‘స్వర్ణ’ అంటారు, ‘ఎమ్‌టీయూ 1010’ అంటారు, ‘ఎమ్‌టీయూ 1001’ అంటారు. ఆ మూడక్షరాలూ పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనా కేంద్రానివి. స్వర్ణ అంటే ఎమ్‌టీయూ 7029. 1010ని మనవాళ్లు కాటన్‌దొర సన్నాలు అంటారు, 1001ని విజేత అంటారు. గోదావరి గట్టున మన శాస్త్రవేత్తలు తయారుచేసిన విత్తనం ధమ్‌తరీ, మహాసముంద్ మడుల్లో పాతుకుపోయింది. మనలో చాలామందికంటే గట్టిగా స్థిరపడింది.

ఈ కథకు రెండో వైపు ఉంది, అది చెప్పకపోతే మొదటిది గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది. 1970లలో రాయ్‌పూర్‌లోని వరి పరిశోధన సంస్థలో ఆర్.హెచ్. రిఛారియా అనే శాస్త్రవేత్త ఊరూరా తిరిగి దేశవాళీ వరి రకాలను వేల సంఖ్యలో సేకరించారు. పొట్టివి, పొడుగువి, కరువుకు తట్టుకునేవి, వాసన ఉన్నవి. ఇప్పుడు రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 20,000కు పైగా వరి రకాల విత్తనాలు భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉండటమంటే చాలావరకు పొలంలో లేకపోవడం. వాటిని పొలం నుంచి తప్పించిన రకాల్లో మార్టేరువీ ఉన్నాయి. నగరీ దుబరాజ్ లాంటి సువాసన బియ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి దాని పేరైనా నిలబడింది.

రాయ్‌పూర్‌లో ఉంటూ ఊరి నుంచి సోనా మసూరి బస్తా తెప్పించుకునే ఇళ్లు తక్కువేం కాదు. దుబరాజ్ ఒక్కసారైనా వండి చూశారా? ఇక్కడి రైతు మన విత్తనం గురించి ఏమంటున్నాడు? దిగుబడి పెరిగిందని దణ్ణం పెడుతున్నాడా, అత్తింటికి పంపే బియ్యంలో పాత వాసన లేదని అతని తల్లి నిట్టూరుస్తోందా? ఒక మండీ, ఒక విశ్వవిద్యాలయం, ఒక వంటిల్లు. మూడు చోట్లకీ ఆటోలో వెళ్లిరావచ్చు.

ఒకే రోజు, రెండు పండుగలు

శ్రావణ మాసం చివరి అమావాస్య. కోస్తా ఇళ్లలో అది పోలాల అమావాస్య. కంద మొక్కకు పూజ, తోరాలు, బూరెలు, గారెలు, పిల్లలు చల్లగా ఉండాలని కోరిక. సరిగ్గా అదే రోజు ఛత్తీస్‌గఢ్ అంతటా పోలా. ఎడ్లను కడిగి అలంకరిస్తారు. మగపిల్లలకు చక్రాలున్న మట్టి ఎద్దులు, ఆడపిల్లలకు మట్టి పొయ్యి, మట్టి గిన్నెలు కొనిస్తారు. ఠేఠరీ, ఖుర్మీ వండుతారు. ఇక్కడ ఎద్దు ముందు, అక్కడ బిడ్డ ముందు. రెండు చోట్లా పండుగ చివరికి పిల్లల దగ్గరికే వచ్చింది. రాయ్‌పూర్ అపార్ట్‌మెంటులో పక్కపక్క ఫ్లాట్లలో ఈ రెండూ జరుగుతుంటే మధ్య గోడ దాటి ఒక పళ్లెం అటూ ఇటూ వెళ్తుందా లేదా అన్నది చూడాలి.

భాద్రపదంలో తీజా వస్తుంది. పెళ్లయిన ఆడపడుచుల్ని అన్నదమ్ములు వచ్చి పుట్టింటికి తీసుకెళ్తారు. ఉపవాసానికి ముందు రాత్రి కాకరకాయ కూరతో అన్నం తినడం ఆచారం, ఇల్లిల్లూ తిరిగి తింటారు. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి ఆ నాలుగు రోజులు సెలవడిగితే విసుక్కునే తెలుగు ఇల్లాలు, తనను పుట్టింటికి తీసుకెళ్లడానికి అన్నయ్య వచ్చి ఎన్నాళ్లయిందో ఆ పూటే తలుచుకుని ఉండొచ్చు. అది రాయగల ధైర్యం ఆమెకే ఉండాలి.

ఉదయాన బోరే బాసీ తినే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. రాత్రి అన్నంలో నీళ్లుపోసి పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపతో తింటారు. మన చద్దన్నం, తరవాణి తెలిసినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. 2022 మే 1న అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ కార్మికుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని పిలుపునిస్తే అధికారులు సైతం గిన్నె ముందేసుకుని ఫొటోలు దిగారు. కూలీల తిండి రాష్ట్ర గౌరవంగా మారిన వైనం అది. మన చద్దన్నానికి ఏ ప్రభుత్వమూ అలాంటి పీట వేసినట్టు నాకు గుర్తులేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మేనల్లుడి సంగతి. రాయ్‌పూర్ దగ్గర చంద్‌ఖురీలో చెరువు మధ్య కౌసల్యాదేవి గుడి ఉంది. కౌసల్య ఈ దక్షిణ కోసలపు ఆడపడుచు కాబట్టి రాముడు ఈ రాష్ట్రానికంతటికీ ‘భాంచా’, మేనల్లుడు. అందుకే ఇక్కడ మేనమామలు వయసులో చిన్నవాడైన మేనల్లుడి కాళ్లకు మొక్కుతారు. భద్రాచలంలో ఏటా నవమికి ముత్యాల తలంబ్రాలు పోయించే మనకు రాముడు పెళ్లికొడుకు. మనింట్లో మేనల్లుడు కూడా పెళ్లికొడుకే. మేనమామ తన కూతుర్ని ఇవ్వబోయే పిల్లవాడు. మన మేనరికం పెళ్లికార్డు పక్కింటి ఛత్తీస్‌గఢీ కుటుంబం చేతిలో పెట్టి, అమ్మాయీ అబ్బాయీ ఏమవుతారో చెప్పి చూడండి. వాళ్ల ముఖంలో కదిలేది అసహ్యమా, ఆశ్చర్యమా, మర్యాదకు దాచుకున్న ప్రశ్నా? అదే రాష్ట్రంలో గోండులకు మేనరికం ఉంది, ‘దూధ్ లౌటావా’ అంటారు. అంటే ఈ విషయంలో నగరంలోని ఇరుగుపొరుగు కంటే అడవిలోని గోండు మనకు దగ్గర చుట్టం. పరాయి చోటుకు వస్తే తప్ప మన ఇంటి సంగతి మనకు ఇంత వింతగా కనపడదు.

ఎలా చూడాలి

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. అక్కడి సుప్రీం కోర్టులో దుబాసీ. దారి పొడుగునా చూసింది చూసినట్టు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ పోయాడు. ఆయన పోయాక ఆ పిళ్లెగారే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. ఆయన రాయ్‌పూర్ మీదుగా పోలేదు, నాగ్‌పూర్, జబల్‌పూర్ దారి పట్టాడు. అయినా మనకు దారి చూపించేది ఆయనే. ఏ మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, మనుషులు ఎలా బతుకుతున్నారు అన్నవాటిని ఓపిగ్గా నమోదు చేశాడు. అందుకే దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పుస్తకం చదవబుద్ధవుతుంది.

ఇక రాయ్‌పూర్ సొంత గురువు వినోద్ కుమార్ శుక్ల. రాజ్‌నాంద్‌గావ్‌లో పుట్టి, రాయ్‌పూర్‌లో వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెబుతూ, ఈ ఊరి సందుల్నే రాసి, 2024 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నారు. 1979లో వచ్చిన ‘నౌకర్ కీ కమీజ్’లో కథంతా ఒక చిన్న గుమాస్తా, ఒక చొక్కా చుట్టూ తిరుగుతుంది. ‘దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ’లో కొత్తగా పెళ్లయిన లెక్చరరు, అద్దె గది, ఆ గదికో కిటికీ. ఆయనకు వస్తువు కోసం ఎక్కడికీ పోవాల్సిన పని పడలేదు. మధ్యతరగతి అద్దె ఇంటి గోడను ఆయన చూసినంతసేపు చూడగల ఓపిక మనకుందా అన్నదే ప్రశ్న. రాయ్‌పూర్‌లో ఉంటూ ఆయన్ను చదవని తెలుగు రచయిత ఉంటే, ఆ పని ముందు చేయాలి.

ఒక జాగ్రత్త. పక్కింటివాళ్లు, పనిమనిషి, బండి మీద ఇడ్లీలమ్మే అన్న, వీళ్లెవరూ మన సరుకు కోసం ఇక్కడ బతకడం లేదు. రాస్తున్నామని చెప్పాలి. వాళ్ల భాషలో చదివి వినిపించాలి. వద్దన్నది తీసేయాలి.

కిందికి వెళ్లే రైలు

మనం పైకి వచ్చిన ఆ పట్టాల మీదే ఏటా కొన్ని వేల కుటుంబాలు కిందికి వెళ్తాయి. రాయ్‌పూర్‌కూ విజయనగరానికీ మధ్య, ఒడిశాలోని కాంటాబాంజీ స్టేషన్‌లో, పంట పనులు అయిపోయాక ఒక తరహా జనం కనపడతారు. గిన్నెల మూటలు, పసిపిల్లలు, ముందే తీసుకున్న అడ్వాన్సు, పక్కనే కూలీల్ని కుదిర్చే సర్దారు. తెలంగాణలో, ఆంధ్రలో ఇటుక బట్టీలకు ప్రయాణం. బస్తరు, బీజాపూర్ వైపు నుంచి మిరప కోతలకు గోదావరి దాటి వెళ్లేవాళ్లు వేరే. వాళ్లకు మన ఊరే పరాయి ఊరు. మన కారమే వాళ్లు కళ్లు మండుతూ కోసిన కాయ.

2020 ఫిబ్రవరిలో బీజాపూర్ జిల్లా నుంచి ములుగు వైపు మిరప తోటలకు వెళ్లినవాళ్లలో పన్నెండేళ్ల పిల్ల ఒకతె ఉంది. లాక్‌డౌన్ వచ్చింది, పని ఆగింది. తోటివాళ్లతో కలిసి అడవి దారిన నడిచి, ఏప్రిల్ 18న ఇల్లు ఇంకొద్ది దూరం ఉందనగా చనిపోయింది. ఆ వార్త దేశమంతా రాసింది. కొన్నాళ్లకు అందరూ మరిచిపోయారు. కోత కోయించిన రైతు ఏ అప్పులో ఉన్నాడు, పిల్లను ఎందుకు పంపాల్సి వచ్చిందో తల్లిదండ్రులు ఏం చెబుతారు, ఆ ఇళ్లలో ఇప్పుడెవరు కోతకు వెళ్తున్నారు అన్నదంతా ఒకే చోట కూర్చి రాయాలంటే ములుగు రైతుతో తెలుగులో, బీజాపూర్ గూడెంలో హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో మాట్లాడగలగాలి, గోండీకి తోడుగా ఒక మనిషిని పెట్టుకోగలగాలి. హైదరాబాద్ విలేకరికీ ఢిల్లీ విలేకరికీ అందులో సగమే వచ్చు. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. మిరప కోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుంటాయి. జనవరి చివర్లో బయల్దేరితే దారిలోనే వాళ్లు కలుస్తారు.